అలుగుకు అడ్డం పెట్టకండి

(విశాఖపట్నంలో, సొంత చెరువులున్న రైతులు, తోటల యజమానుల సమావేశంలో నీటిపారుదల శాఖ నుంచి రిటైరైన ఒక ఇంజనీరు మాట్లాడిన మాటలకు రాతరూపం)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి వినపడుతోందా? సరే, నేరుగా విషయంలోకి వచ్చేస్తాను.

ఇక్కడున్నవాళ్లలో చాలామందికి ఆనందపురం, పద్మనాభం, సబ్బవరం, దేవరాపల్లి వైపు పొలమో తోటో ఉంది, అందులో ఒక చెరువు కూడా ఉంది. కొందరిది తాతల నాటిది. కొందరు భూమి కొన్నాక కొండవాలు కింద జేసీబీతో మట్టి తోయించి కట్టించుకున్నారు. మామిడికి, జీడిమామిడికి నీళ్లు, కాసిన్ని చేపలు, పిల్లలు వస్తే చూడ్డానికి బాగుంటుంది. అన్నీ మంచివే. నేను చెరువుల మధ్యే బతికిన మనిషిని, చెరువు వద్దని నా నోటి వెంట రాదు. కానీ మీరు నన్ను అడిగే ప్రశ్నలన్నీ దాదాపు ఒక్కటే: నీళ్లు ఇంకా ఎక్కువ ఎలా నిలబెట్టాలి, ఎండాకాలం దాకా ఎలా దాచాలి. వచ్చే వరదని బయటికి ఎలా పంపాలి అని అడిగేవాళ్లు చాలా తక్కువ. మట్టి గట్టు బతకడం, చావడం ఆ రెండో ప్రశ్న మీదే ఉంటుంది కాబట్టి ఇవాళ ఎక్కువసేపు దాని గురించే మాట్లాడతాను.

ముందు మీ దగ్గర ఎంత నీళ్లున్నాయో ఒకసారి లెక్కేద్దాం. నాలుగెకరాల చెరువు, సగటు లోతు రెండు మీటర్లు అనుకోండి. ఒక ఎకరం అంటే సుమారు 4,047 చదరపు మీటర్లు. అంటే చెరువులో 32,000 ఘనపు మీటర్ల నీళ్లు, లీటర్లలో మూడు కోట్ల ఇరవై లక్షలు, బరువులో 32,000 టన్నులు. పది టన్నుల టిప్పర్లు 3,200 నిండేంత. ఇదంతా మట్టితో కట్టిన ఒక గట్టు మీద ఆనుకుని ఉంది. గండి పడితే ఈ నీళ్లు రోజుల తరబడి మెల్లగా పోవు, మట్టి కోసుకుపోవడం మొదలయ్యాక గంటలోపే చెరువు ఖాళీ అయిపోవచ్చు.

ఇంగ్లండులో 25,000 ఘనపు మీటర్లు దాటి నీళ్లు నేలమట్టం పైన నిలబెడితే, అది ప్రైవేటు వ్యక్తిదైనా సరే, 1975 చట్టం ప్రకారం రిజిస్టర్ చేయాలి. అంతకుముందు 1925లో వేల్స్‌లోని డోల్గారోగ్ ఊరి పైన ఒక ఆనకట్ట తెగి, ఆ నీళ్లు కిందనున్న ఇంకో ఆనకట్టను తెంచి, 16 మంది చనిపోయారు. 1930లో వాళ్లకి మొదటి రిజర్వాయర్ల భద్రతా చట్టం వచ్చింది ఆ దెబ్బకే. మన దేశంలో 2021లో డ్యామ్ సేఫ్టీ చట్టం వచ్చింది, చాలా మంచి చట్టం. కానీ అది 15 మీటర్లు దాటిన ఆనకట్టలకి, 10 నుంచి 15 మీటర్ల మధ్య ఉంటే పొడవు, నిల్వ లాంటి కొన్ని షరతులు ఉన్నవాటికి వర్తిస్తుంది. మీ గట్టు నాలుగు మీటర్లు, ఐదు మీటర్లు. అంటే ఆ చట్టం కింద ఏటా వచ్చి చూసే ఇంజనీరు మీకు లేడు. మేఘాద్రిగెడ్డ, రైవాడ, తాటిపూడి లాంటి పెద్ద జలాశయాలకి సిబ్బంది ఉంటారు, నీటిమట్టం రాసే రిజిస్టరు ఉంటుంది, గేట్ల దగ్గర మనిషి ఉంటాడు. మీ చెరువుకి వాచ్‌మన్, ఇంజనీరు, ఆఫీసరు అన్నీ మీరే. అందుకే మిమ్మల్ని ఇంత గట్టిగా పట్టుకుంటున్నాను.

చిన్న గట్టు ఏం చేస్తుందిలే అనుకోకండి. 1977 నవంబర్ 6న అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో, టొకోవా అనే ఊళ్లో, ఒక ప్రైవేటు కాలేజీకి చెందిన మట్టి గట్టు తెగింది. కెల్లీ బార్న్స్ డ్యామ్ అంటారు. ఎత్తు 40 అడుగుల లోపే. భారీ వాన, అర్ధరాత్రి దాటాక ఒకటిన్నర ప్రాంతం, కింద కాలేజీ ఆవరణలో జనం నిద్రలో ఉన్నారు. 39 మంది పోయారు. ఆ తర్వాతే ఆ దేశ అధ్యక్షుడు కార్టర్, ఆయనది కూడా జార్జియానే, తెగితే కింద జనానికి ఎక్కువ ప్రమాదమున్న ప్రైవేటు ఆనకట్టల తనిఖీ మొదలుపెట్టించారు.

దానికంటే మీకు బాగా పనికొచ్చే కథ ఇంకా పాతది. 1889 మే 31. పెన్సిల్వేనియా రాష్ట్రంలో సౌత్ ఫోర్క్ అనే చోట, కొండల్లో ఒక మట్టి ఆనకట్ట, 72 అడుగుల ఎత్తు. దానికి 14 మైళ్ల దిగువన జాన్స్‌టౌన్ పట్టణం. ఆనకట్ట ప్రభుత్వం కట్టిందే, తర్వాత చేతులు మారి 1879లో ధనవంతుల చేపల వేట క్లబ్ చేతికొచ్చింది. ఉక్కు కోటీశ్వరుడు ఆండ్రూ కార్నెగీ లాంటివాళ్లు సభ్యులు. ఇప్పుడు జాగ్రత్తగా వినండి, వాళ్లు ఏమేం చేశారో. అడుగున నీళ్లు వదలడానికి ఉన్న ఇనుప పైపులు అంతకుముందు యజమానే పీకి పాత ఇనుముకి అమ్మేశాడు, క్లబ్ వాళ్లు వాటిని మళ్లీ పెట్టించలేదు. గట్టు మీద గుర్రపు బళ్లు ఎదురెదురుగా పోవాలని పైభాగం కొంత చెక్కి, ఎత్తు తగ్గించి, వెడల్పు చేశారు. ఖర్చు పెట్టి వదిలిన చేపలు బయటికి పోకూడదని అలుగుకి, అంటే చెరువు నిండాక ఎక్కువైన నీళ్లు పొర్లి పోయే దారికి, అడ్డంగా జాలీలు బిగించారు. భారీ వాన వచ్చింది. జాలీలకి కొమ్మలు, చెత్త పట్టేసి నీళ్లు పోయే దారి మూసుకుపోయింది, కింద నుంచి వదలడానికి పైపులు లేవు, గట్టు మధ్యలో పల్లంగా ఉంది. నీళ్లు అక్కడి నుంచే పొర్లాయి. చనిపోయినవాళ్లు 2,209 మంది.

ఈ మూడు పనులూ మన జిల్లాల్లో నేను కళ్లారా చూశాను, అందుకే ఇంతసేపు చెప్పాను. తూము, అంటే గట్టు అడుగు నుంచి నీళ్లు వదిలే దారి, పాడైతే బాగు చేయించకుండా మట్టి కొట్టి మూసేస్తారు. ట్రాక్టరు పోవడానికి గట్టు పైన చదును చేయించి ఒకటి రెండు అడుగులు తగ్గించేస్తారు. ఇక చెరువుని చేపలకి గుత్తకి ఇచ్చారంటే, గుత్తదారు చేసే మొదటి పని అలుగుకి వల కట్టడం. అతన్ని తప్పు పట్టలేం, చేపపిల్లల కోసం డబ్బు పెట్టాడు, వరదకి అవన్నీ గెడ్డలోకి, అంటే కింది వాగులోకి, పోతే అతని సంవత్సరం పోయినట్టే. కానీ ఆ వలకి గుర్రపుడెక్క, తాటాకులు, కొబ్బరి మట్టలు వచ్చి పడితే అది వల కాదు, గోడ. గుత్త కాగితంలో ముందే రాయించుకోండి: అలుగు నోటికి వల కట్టకూడదు. కావాలంటే అలుగుకి చాలా వెనక, చెరువు లోపల, అలుగు వెడల్పుకి నాలుగైదు రెట్లు పొడవుగా, వంపుగా కట్టాలి, తుపాను కబురు వస్తే విప్పేయాలి. విప్పేది ఎవరో పేరు కూడా రాయించండి.

ఇప్పుడు అలుగు ఎంత వెడల్పుండాలో చూద్దాం. ఇక్కడ కొంచెం ఓపిక పట్టండి, ఈ ఒక్క లెక్క మీకు వంటపడితే చాలు.

మీ చెరువులోకి వంద ఎకరాల కొండవాలు నీళ్లు వస్తాయనుకోండి. వంద ఎకరాలు పెద్దదేం కాదు, గంభీరం వైపు కొండల కింద ఏ చిన్న గెడ్డకైనా అంత ఉంటుంది. తుపాను రోజున గంటకి ఐదు సెంటీమీటర్ల వాన పడింది, అందులో సగం నేలలోకి ఇంకిపోయి సగం పారింది. అప్పుడు చెరువులోకి వచ్చేది గంటకి పదివేల ఘనపు మీటర్లు, అంటే సెకనుకి సుమారు 2,800 లీటర్లు. మీ నాలుగెకరాల చెరువులో ఒక అడుగు ఖాళీ ఉంటే అది అర్ధగంటలో నిండిపోతుంది. ఆ తర్వాత వచ్చిందంతా బయటికి పోవాల్సిందే. తూముగా వేసిన పన్నెండు అంగుళాల పైపు పూర్తిగా తెరిచినా సెకనుకి మూడొందల లీటర్లు పోవడం కష్టం. కాబట్టి తూము మీద ఆశ పెట్టుకోకండి, వరదని పంపేది అలుగొక్కటే.

పది మీటర్ల వెడల్పు అలుగు, అంటే 33 అడుగులు ఉంటే, దాని మీద నీళ్లు ఒక అడుగు ఎత్తున పారి ఆ 2,800 లీటర్లూ పోతాయి. గట్టుకి ఏమీ కాదు. అదే అలుగు పదడుగులే ఉందనుకోండి, అవే నీళ్లు పోవాలంటే దాని మీద రెండడుగులకి పైగా ఎత్తున పారాలి. మీ గట్టు అలుగుకన్నా రెండడుగులే ఎత్తుంటే, అలుగు ఒక పక్క పారుతూండగానే గట్టు మీద నుంచి కూడా పొర్లుతుంది. మట్టి గట్టు మీద నుంచి నీళ్లు దాటితే బయటి వాలు మట్టి కోసుకుపోతుంది, కోత వెనక్కి నడుచుకుంటూ వచ్చి లోపలి నీళ్లని అందుకుంటుంది, ఇక ఆపేవాడు లేడు. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలు అందరం చూసినవే కదా, వాన నీళ్లు ఎర్రమట్టిని ఎంత లోతుగా కోస్తాయో అక్కడ నిలబడి చూస్తే తెలుస్తుంది. మీ గట్టు కూడా చాలా చోట్ల అలాంటి ఎర్రమట్టే.

అందుకే అలుగు మీద వరద పారే మట్టానికి పైన ఇంకా మూడడుగులు గట్టు ఉండాలంటాం. గాలికి అలలు లేస్తాయి, గట్టు ఏళ్లు గడిచే కొద్దీ కుంగుతుంది, వీటన్నిటికీ ఆ మూడడుగులు. మీ గట్టు పైభాగం ఒక చివర నుంచి ఇంకో చివరకి నీటిగొట్టంతో మట్టం చూడండి, మేస్త్రీ దగ్గర ఉండే పారదర్శకమైన పైపు చాలు. ఎక్కడో మధ్యలో పశువులు దిగే దారిలోనో ట్రాక్టరు ఎక్కే చోటో పల్లం కనిపిస్తుంది. మీ గట్టు అసలు ఎత్తు ఆ పల్లం దగ్గరున్న ఎత్తే, మిగతా అంతా ఎంత ఎత్తున్నా లెక్కలోకి రాదు. ముందు అది పూడ్పించండి.

అలుగు గట్టుకి ఒక పక్కన, గట్టి నేల మీద ఉండాలి, పోసిన మట్టి మీద కాదు. అలుగు దిగిన నీళ్లు గట్టు కాలి దగ్గరకి, అంటే వాలు నేలని కలిసే చోటుకి, రాకుండా దూరంగా గెడ్డలో కలవాలి. సంక్రాంతి దాటాక నీళ్లు ఆపుకోవాలని అలుగు మీద ఇసుక బస్తాలు పేర్చే అలవాటు ఉంది, అవి మళ్లీ జూన్‌కి తీసేవాళ్లు లేరు. వరద పారడానికి అలుగు మీద వదిలిన ఆ అడుగు ఎత్తునే మీరు చెరువుకి కలుపుకుంటున్నారు.

ఇక రెండో చావు, లోపల నుంచి వచ్చేది. దాన్ని మనవాళ్లు బుంగ పడింది అంటారు. మట్టి గట్లలో ఊట ఉంటుంది, ఊట లేని మట్టి గట్టు లేదు. బయటి కాలి దగ్గర కాస్త తడి, తుంగ మొలవడం, తేటగా సన్నటి ఊట, ఇవి ఏడాది పొడవునా ఒకేలా ఉంటే పెద్ద టెన్షన్ అక్కర్లేదు. అయితే గుర్తు పెట్టుకుని చూస్తూ ఉండాలి. ఊట పెరుగుతోందా, నీళ్లు రంగు మారుతున్నాయా అన్నది ముఖ్యం. ఒక గాజు సీసాలో పట్టి అరగంట పక్కన పెట్టండి. అడుగున మట్టి దిగిందంటే గట్టు లోపలి మట్టి బయటికి వచ్చేస్తోందని అర్థం. లోపల సొరంగం పెద్దదవుతోంది. అప్పుడు రేపు చూద్దాం అనుకోకూడదు.

దీని గురించి మన పెద్దలకి ఎప్పుడో తెలుసు. కడప జిల్లా పోరుమామిళ్లలో 1369 నాటి చెరువు శాసనం ఉంది, విజయనగర సామ్రాజ్యపు రాజకుమారుడు భాస్కరుడు వేయించింది. మంచి చెరువుకి పన్నెండు అంగాలు, ఆరు దోషాలు చెప్పారందులో. ఆ దోషాల్లో మొట్టమొదట చెప్పింది గట్టు నుంచి నీరు కారడం. ఇంకో దోషం, నీళ్లు ఎక్కువై నేల తక్కువ కావడం. ఆరున్నర వందల ఏళ్ల కిందట రాయి మీద చెక్కించారు, వెయ్యిమంది కూలీలతో వంద బళ్లతో రెండేళ్లు కట్టామని ఖర్చు కూడా రాయించారు. చెరువు కట్టేవాడు ఇవన్నీ ఊరికి లెక్క చెప్పుకోవాలని అనుకున్నారు కాబట్టే అది రాయి మీదకి ఎక్కింది.

బుంగ కనపడితే అందరూ చేసేది ఒకటే, బయటి వైపు బంకమట్టి తెచ్చి గట్టిగా మూయడం. అది చేయకండి. బయట మూస్తే నీళ్లు లోపల ఒత్తిడి పెంచుకుని పక్కన ఇంకో దారి చూసుకుంటాయి, ఈసారి ఇంకా పెద్దది. నీళ్లని రానివ్వాలి, మట్టిని మాత్రం ఆపాలి. ఊట మీద ముందు ముతక ఇసుక, దాని మీద చిన్న కంకర, దాని మీద పెద్ద కంకర, ఆపైన రాళ్లు వేయండి. నీళ్లు తేటగా వస్తుంటే మందు పనిచేస్తున్నట్టు. చుట్టూ ఇసుక బస్తాలు గుండ్రంగా పేర్చి కొంచెం నీళ్లు నిలిచేలా చేస్తే ఇంకా మంచిది. మూయాల్సింది చెరువు లోపలి వైపు, అక్కడ సుడి తిరుగుతుంటే టార్పాలిన్, మట్టి బస్తాలు అక్కడ వేయాలి. అదే సమయంలో చెరువు మట్టం తగ్గించడం మొదలుపెట్టాలి, కింద ఇళ్లవాళ్లకి కబురు చేయాలి. మూడూ ఒకేసారి.

2019 జులై 2 రాత్రి మహారాష్ట్ర రత్నగిరి జిల్లాలో తివరే అనే ఊరి పైన చిన్న ఆనకట్ట తెగింది. ఇరవై మంది దాకా పోయారు. కారుతోందని ఊళ్లోవాళ్లు ముందే మొరపెట్టుకున్నారు. పీతల బొరియల వల్ల తెగిందని అక్కడి మంత్రి ఒకరు అంటే దేశమంతా మండిపడింది. పీతలు, పందికొక్కులు గట్టుకి బొరియలు చేస్తాయి, నిజమే. అవి చేసిన బొరియని ప్రతి ఏడూ వెతికి పూడ్చాల్సింది మాత్రం మనుషులే కదా.

బుంగకి ఎక్కువగా దారి దొరికేది తూము పైపు పక్కనే. జేసీబీ వాడు గాడి తీసి, పైపు పెట్టి, మీద మట్టి తోసేసి వెళ్లిపోతాడు. పైపు కింద, పక్కల మట్టి వదులుగా ఉంటుంది, నీళ్లు పైపులో నుంచి కాకుండా పైపు వెంబడి ప్రయాణం చేస్తాయి. అక్కడ యంత్రం పనికిరాదు, పలచగా మట్టి వేసి, తడిపి, మనిషి నిలబడి దిమ్మిసతో కొట్టాలి. బయటి వైపు మూడో వంతులో పైపు చుట్టూ ఇసుక పొర పెడితే, దాన్ని కాలి దాకా తెచ్చి వదిలితే, మట్టి కొట్టుకుపోకుండా కాపాడుతుంది. గట్టు మొత్తానికి కూడా ఇదే: ఆరు నుంచి ఎనిమిది అంగుళాల పొర, చేత్తో పిసికితే ముద్ద అయ్యేంత తడి, రోలర్. జేసీబీ టైర్లు అటూ ఇటూ తిరిగితే అది రోలింగ్ కాదు. బయటి వాలు అడుగు ఎత్తుకి రెండడుగులు, లోపలి వాలు రెండున్నర, పైన పదడుగులు. అంటే 15 అడుగుల గట్టుకి అడుగున 77న్నర అడుగుల వెడల్పు రావాలి. మీ గట్టు అడుగున ఎంత వెడల్పుందో రేపు టేపు పెట్టి చూడండి. కొత్త గట్టు మొదటిసారి నిండేటప్పుడు ఇంకా జాగ్రత్త, అసలు పరీక్ష అప్పుడే. అమెరికాలో పెద్ద పెద్ద ఇంజనీర్లు కట్టిన టీటన్ డ్యామ్, 1976 జూన్ 5న, మొదటిసారి నింపుతుండగానే లోపల బుంగ పడి పోయింది.

చెట్ల గురించి ఒక మాట. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఈ నగరంలో చెట్లు వేళ్లతో సహా ఎలా లేచాయో మనమంతా చూశాం. గట్టు మీద సరుగుడో నీలగిరో తుమ్మో అలా పడితే గట్టులో బండెడు మట్టిని పట్టుకుని లేస్తుంది, సరిగ్గా చెరువు నిండుగా ఉన్న రోజున. కొత్త గట్టు మీద గడ్డి తప్ప ఏదీ పెరగనివ్వకండి. పాత గట్టు మీద ఇప్పటికే పెద్ద మాను ఉంటే మాత్రం తొందరపడి నరికి మొద్దు వదిలేయకండి, వేళ్లు కుళ్లిన చోట గొట్టాల్లా ఖాళీలు మిగులుతాయి. ఎండాకాలంలో, నీళ్లు తక్కువున్నప్పుడు, వేళ్లతో సహా తీసి ఆ గుంత పొరలు పొరలుగా నింపాలి.

తెగితే బాధ్యత ఎవరిది అని అడుగుతారు. ఇంగ్లండులో రైలాండ్స్ అనే మిల్లు యజమాని కాంట్రాక్టర్లతో ఒక చెరువు తవ్వించుకున్నాడు, 1860లో ఆ నీళ్లు పాత గని దారుల గుండా పక్కనున్న ఫ్లెచర్ బొగ్గు గనిలోకి పోయాయి. తప్పు కాంట్రాక్టర్లదే, యజమానికి ఆ దారుల సంగతే తెలియదు. అయినా 1868లో అప్పట్లో అక్కడి అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ ఆయనదే బాధ్యత అని తేల్చింది. నీళ్లు తెచ్చి పోగుచేసినవాడిదే పూచీ అన్నారు. మన దగ్గర కార్వేటినగరం జమీందారు చెరువులు తెగి రైల్వే వంతెనలు కొట్టుకుపోతే మద్రాస్ రైల్వే కంపెనీ కేసు వేసింది. 1874లో ప్రివీ కౌన్సిల్, అంటే అప్పట్లో మన కేసుల ఆఖరి అప్పీలు వినే లండన్ కోర్టు, జమీందారుని వదిలేసింది. ఎందుకంటే అవి తరతరాల సాగు చెరువులు, వాటిని కాపాడటం ఆయనకి విధి, వద్దని తీసేసే హక్కు ఆయనకి లేదు, నిర్లక్ష్యం ఉన్నట్టు రుజువు కాలేదు. మీరు మీ తోట కోసం, మీ చేపల కోసం కట్టుకున్న చెరువుకి ఆ జమీందారు వాదన నిలబడుతుందని ధైర్యంగా కూర్చోకండి. పైగా గెడ్డ పోరంబోకు మీది కాదు, నీటిదారికి అడ్డంగా ఏం కట్టాలన్నా అనుమతి కావాలి.

కోర్టు సంగతి పక్కన పెట్టినా, మీ గట్టు కింద ఎవరున్నారో మీకు తెలుసా? మీ తాతగారు కట్టినప్పుడు కింద వరి మడులే ఉండేవి. ఇప్పుడు అక్కడ లేఅవుటు వచ్చింది, ఇటుక బట్టీ దగ్గర కూలీల పాకలు వచ్చాయి, వేసవిలో గొర్రెల కాపరులు మంద పెడతారు. గట్టులో ఒక్క తట్ట మట్టి కూడా మారకపోయినా ప్రమాదం పదింతలైంది. పైన ఇంకో చెరువుంటే అది కూడా మీ లెక్కలోనిదే. 2021 నవంబర్ 19న కడప జిల్లాలో అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయినప్పుడు, ఎగువన పింఛ ప్రాజెక్టు దగ్గర తెగిన నీళ్లు కూడా వచ్చి పడ్డాయి. మీ ఎగువ రైతుతో, దిగువ ఊరి సర్పంచ్‌తో ఫోన్ నంబర్లు మార్చుకోండి.

తుపాను హెచ్చరిక కేంద్రం మన ఊళ్లోనే ఉంది, కబురు సాధారణంగా మూడు నాలుగు రోజుల ముందే వస్తుంది. కబురు రాగానే రోజుకి ఒక అడుగు చొప్పున చెరువు దించండి. ఒక్కసారిగా ఖాళీ చేస్తే లోపలి వాలు నానిన మట్టి జారిపోతుంది. తూము లేకపోతే ఆరంగుళాల గొట్టంతో గట్టు మీదుగా సైఫన్ పెట్టొచ్చు, సెకనుకి ముప్పై నలభై లీటర్లు లాగుతుంది. వరద వచ్చాక దాంతో ఏమీ కాదు, ముందే మొదలుపెడితేనే పనికొస్తుంది.

ప్రశ్నలు అడగండి. ఆ, చెప్పండి బాబాయ్.

(అలుగు అడుగు పెంచకపోతే మామిడికి వేసవి నీళ్లు సరిపోవడం లేదని ఒక రైతు అన్నారు.)

నీళ్లు కావాలంటే పైకి పోకండి బాబాయ్, కిందకి పోండి. పూడిక తీయించండి. నాలుగెకరాల్లో అడుగు పూడిక తీస్తే దాదాపు ఐదువేల ఘనపు మీటర్ల నీళ్లు అదనంగా నిలుస్తాయి, గట్టు మీద అదనపు బరువు రాదు, పూడిక మట్టి మీ మామిడి పాదులకే బలం. ఒక్క జాగ్రత్త, గట్టు లోపలి కాలి దగ్గర తవ్వొద్దు, కనీసం ముప్పై నలభై అడుగులు వదిలి తవ్వించండి. అక్కడ తవ్వితే గట్టు కాళ్లు నరికినట్టే.

(గట్టు మీద పుట్ట ఉందని, ఏటా నాగుల చవితికి ఊరంతా వచ్చి పాలు పోస్తారని ఒక తల్లి చెప్పారు.)

అమ్మా, ఇది చాలా ఊళ్లలో ఉన్నదే. పుట్ట తవ్వమని నేను చెప్పను, చెప్పినా మీరు వినరు, వినక్కర్లేదు కూడా. కానీ చెదలు గట్టు లోపలికి చాలా దూరం దారులు చేస్తాయి, నాగుల చవితి వచ్చేది కూడా తుపాన్ల రోజుల్లోనే. అందుకని పుట్ట అలాగే ఉంచి, ఆ భాగంలో గట్టుని బయటి వైపు వెడల్పు చేయించండి. ముందు ఇసుక, కంకర పొర, దాని మీద మంచి మట్టి పొరలుగా. పూజ రోజున జనం ఎక్కి దిగే దారికి రాతి మెట్లు కట్టిస్తే అక్కడ గట్టు అరగదు. చెరువు నిండుగా ఉన్న రోజుల్లో పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఆ పుట్టకి సూటిగా కింద కాలి దగ్గర ఊట ఉందేమో ఎవరినైనా చూడమనండి.

(పిల్లలు హైదరాబాద్‌లో ఉన్నారని, చెరువు చూసుకునే ఓపిక లేదని, అలా వదిలేస్తే ఏమవుతుందని ఒక పెద్దాయన అడిగారు.)

వదిలేయకండి మాస్టారూ. చూసేవాళ్లు లేకపోతే పద్ధతిగా తీసేయించండి. కింద మీ నీళ్ల మీద ఆధారపడిన రైతులుంటే ముందు వాళ్లతో, పంచాయతీతో మాట్లాడండి, వాళ్లే చూసుకుంటామంటే అదో దారి. లేదంటే మార్చి, ఏప్రిల్‌లో చెరువు మెల్లగా ఖాళీ చేయించి, పాత గెడ్డ పారిన చోటే గట్టుని నేలమట్టం దాకా కోయించండి. కోత సన్నగా ఉండకూడదు, వరద వస్తే వెనక నీళ్లు నిలవకుండా పోయేంత వెడల్పుండాలి, పక్కలు నిటారుగా కాకుండా అడుగుకి రెండడుగుల వాలు. అడుగున రాళ్లు పరిపించండి. తీసిన మట్టి గెడ్డలో పోయకుండా చెరువు గర్భంలోనే ఒక పక్కకి సర్దించండి. జూన్ మొదటి వానకి ముందు ఈ పని పూర్తవ్వాలి. సగం కోసి ఆపితే ఆ సగం గట్టే మొదటి వరదకి తెగుతుంది.